రెండో బండి

మా పిన్ని కూతురు మూడేళ్ళుగా ఒక నూరు సీసీ మోటారుసైకిలు నడుపుతోంది. మియాపూరు నుంచి గచ్చిబౌలికి, ఎండనక వాననక, రోజూ రానూపోనూ. ఆడపిల్ల గేర్ల బండి నడపడమేమిటని మొదట్లో మూతి ముడిచిన మా బాబాయే ఇప్పుడు మందులషాపుకు వెళ్ళాలన్నా ఆమె వెనక ఎక్కి కూర్చుంటున్నాడు. మొన్న పండక్కి అందరం కలిసినప్పుడు తను నన్నొక ప్రశ్న వేసింది: "అన్నయ్యా, ఇక ఈ బండి మార్చేద్దామనుకుంటున్నాను. దీని తరువాత ఏది కొనమంటావు?"

ఇటువంటి ప్రశ్నకు జవాబు చెప్పేవారికి మన దేశంలో ఏనాడూ కొరత లేదు. ఆ గదిలోనే నలుగురు తేలారు. కొంటే బుల్లెట్టే కొనాలనీ, తక్కినవి బళ్ళే కావనీ ఒకాయన అన్నాడు. నలభై హార్సుపవరు లేని బండి మీద డబ్బు తగలెయ్యడం శుద్ధదండగని మా మేనల్లుడు సెలవిచ్చాడు. "నీ ఎత్తుకు స్కూటరే నయమమ్మా" అని మూడో ఆయన తేల్చిపారేశాడు. నాలుగో ఆయన మైలేజీ గురించి ఆరా తీశాడు. నేను మాత్రం నోరు మెదపలేదు. ఎదురుగా మా ఆవిడ కూర్చుని నా వంకే చూస్తోంది. ఆ చూపు సంగతి తరువాత చెబుతాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును మాత్రం ఇక్కడ నింపాదిగా రాసుకుంటున్నాను.

ముందుగా మొదటి బండికి దక్కవలసిన గౌరవం దక్కాలి. 1985లో హీరో హోండా వారి సీడీ 100, 1994లో స్ప్లెండరు వచ్చాక తెలుగునాట మధ్యతరగతి ఇళ్ళలో బండి అంటే ఏమిటన్నదే మారిపోయింది. నేటి స్ప్లెండరు ఇంజను 97.2 సీసీ, శక్తి దాదాపు 8 హార్సుపవరు, బరువు 112 కిలోలు. ఈ అంకెలు చూసి నవ్వేవారుంటారు. కాని బండి నడపడంలో ముఖ్యమైన విద్యలన్నీ నేర్పేది ఈ 8 హార్సుపవరే. శక్తి తక్కువ కనుక, వేగాన్ని ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోవడం కష్టం. అందుచేత ముందు చూపు అలవాటవుతుంది. ఏ గేరులో ఎంత లాగుతుందో చెవికి తెలుస్తుంది. తప్పు చేస్తే క్షమిస్తుంది. పడబోతే కాలు మోపి నిలబెట్టుకోవచ్చు.

అయితే ఆ క్షమించే గుణమే దాని లోపం కూడాను. ఏది నేర్పలేదో అది మనకు తెలియనివ్వదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

2012లో నేనూ ఐదేళ్ళు నడిపిన నూరు సీసీ బండిని అమ్మేసి 350 సీసీ బండి కొన్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఎందుకంటే తప్పు దానిది కాదు. కొన్న నలభయ్యో రోజున మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని హైదరాబాదు నుంచి శ్రీశైలం బయల్దేరాను. మన్ననూరు దాటి నల్లమల అడవిలో ప్రవేశించాక ఆ బండి మీద వెళ్ళడమంత హాయి మరొకటి లేదనిపించింది. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో, ఒక వంపు మధ్యలో రోడ్డు మీద గులకరాళ్ళు పరుచుకుని ఉన్నాయి. ఐదేళ్ళుగా చేస్తున్నదే చేశాను. కుడికాలితో వెనక బ్రేకును గట్టిగా తొక్కాను. వెనక చక్రం బిగుసుకుపోయి జారింది. బండి ఒక పక్కకు ఒరిగింది. నా మణికట్టు విరిగింది. మా ఆవిడ చీలమండ నలిగింది. దారిన పోయే జీపువాళ్ళు మమ్మల్ని సున్నిపెంటకు చేర్చారు. మా వేగం నలభై కూడా లేదు.

ఆ తరువాత మా ఆవిడ నా బండి ఎక్కలేదు. కోపంతో కాదు. కూర్చుంటే చాలు, మోకాళ్ళు వణుకుతాయంటుంది. ఆ రోజు ఆ గదిలో ఆమె నా వంక చూసింది అందుకు.

ఆ పాత బండి మీద ఐదేళ్ళలో నేను ముందు బ్రేకును సరిగా వాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అవసరమే రాలేదు. చిన్న బండి, తక్కువ వేగం, కాలు నొక్కితే ఆగేది. ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని చిన్నప్పుడు సైకిలు నేర్పినవాళ్ళు చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. వాస్తవం దీనికి విరుద్ధం. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. వెనక చక్రం తేలికపడుతుంది. తేలికపడిన చక్రానికి నేల మీద పట్టు తగ్గుతుంది. అందుచేత బండిని ఆపే పనిలో సింహభాగం ముందు చక్రానిది. దాన్ని ఒక్క ఉదుటున గుంజకుండా, పిండుతున్నట్టు క్రమంగా బిగించాలి. వంపు తిరుగుతూ కాకుండా, వంపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. ఇదంతా నేను చేతికి కట్టు కట్టించుకున్నాక నేర్చుకున్నాను.

ఇప్పటి చిన్న బళ్ళ విషయంలో ఇంకొక మెలిక ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న బళ్ళకు కంబైండు బ్రేకింగు గాని ఏబీయస్ గాని తప్పనిసరి అయింది. కంబైండు బ్రేకింగు ఉన్న బండిలో కాలితో వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. చాలా మంచి ఏర్పాటు, ఎన్నో ప్రాణాలు కాపాడే ఏర్పాటు. కాని నడిపేవాడికి ఆ సంగతి తెలియదు. తన కాలే బండిని ఆపిందనుకుంటాడు. ఆ కాలినే నమ్ముకుని పెద్ద బండి ఎక్కుతాడు. 125 దాటిన బళ్ళకు ఏబీయస్ తప్పనిసరి కనుక చక్రం బిగుసుకుపోయే ప్రమాదం నా రోజులకంటె తగ్గింది. అయితే ఏబీయస్ చక్రాన్ని జారకుండా చూస్తుంది గాని, ఆలస్యంగా వేసిన బ్రేకును ముందుగా వేసినట్టు చెయ్యలేదు.

ఇక మనవాళ్ళు బళ్ళను కొలిచే కొలబద్ద గురించి చెప్పాలి. సీసీ. ఎవరిని కదిపినా "అది ఎన్ని సీసీ?" అనే అడుగుతారు. సీసీ అంటే ఇంజను సిలిండరులో పట్టే చోటు మాత్రమే. ఎంత శక్తి పుడుతుందన్నది ఆ ఇంజనును ఎలా తయారు చేశారన్నదాని మీద ఆధారపడుతుంది. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350 శక్తి 20 హార్సుపవరు, బరువు 195 కిలోలు. 2023లో బజాజు వారు ఇక్కడే తయారు చేసి విడుదల చేసిన ట్రయంఫ్ స్పీడ్ 400 శక్తి దాదాపు 40, బరువు 176 కిలోలు. సీసీలో తేడా యాభై కూడా లేదు. శక్తి మాత్రం రెట్టింపు. టీవీయస్ వారి అపాచీ 160 నాలుగు వాల్వుల బండి శక్తి సుమారు 17, బరువు దాదాపు 145 కిలోలు.

వీటి మీద డెబ్భై కిలోల మనిషిని కూర్చోబెట్టి లెక్క చూడండి. ప్రతి నూరు కిలోలకూ స్ప్లెండరుకు నాలుగున్నర హార్సుపవరు దక్కుతుంది. క్లాసిక్కుకు ఏడున్నర. అపాచీకి ఎనిమిది. స్పీడ్ 400కు పదహారు. 160 సీసీ బండి 350 సీసీ బండికి తీసిపోదన్నమాట. ఆ రెండూ మొదటి బండికంటె ఒక మెట్టు పైన ఉన్నాయి. 400 సీసీది మాత్రం మెట్టు కాదు, మేడ. షోరూములో ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నప్పుడు ఇది కంటికి కనపడదు.

బరువు సంగతి వేరే చూడాలి. 112 నుంచి 195కు వెళ్ళడమంటే 83 కిలోలు పెరగడం. మీ పాత బండి మీద దిట్టమైన మనిషి ఒకడు దిగకుండా శాశ్వతంగా కూర్చున్నాడనుకోండి, అలా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు ఆ బరువు సుఖమే. లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు బండి తొణకదు. కాని సందులో వెనక్కి తిప్పేటప్పుడు, వాలుగా ఉన్న చోట నిలిపేటప్పుడు, గుంతలో కాలు జారినప్పుడు ఆ మనిషి మీ మీదే పడతాడు. ఎత్తు గురించి మా మూడో పెద్దమనిషి అన్నమాట పూర్తిగా తప్పు. స్ప్లెండరు సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, 2023లో వచ్చిన స్పీడ్ 400ది 790, క్లాసిక్ 350ది 805. రెండు అంగుళాల తేడా కూడా లేదు. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్న నియమం ఎక్కడా లేదు. ఒక కాలు గట్టిగా ఆనితే చాలు. పొట్టివారికి అడ్డు పడేది సీటు ఎత్తుకంటె ఎక్కువగా సీటు వెడల్పూ, బండి బరువూను. అది కాగితం మీద తెలియదు, ఎక్కి కూర్చుంటేనే తెలుస్తుంది.

వేగం లెక్క మరీ నిర్దాక్షిణ్యమైనది. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక బండి సాగే దూరం నాలుగింతలవుతుంది. మంచి బ్రేకులున్న బండి, పొడి రోడ్డు మీద, ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు ఏడు మీటర్ల చొప్పున తగ్గించగలదనుకుందాం. యాభై మీద అయితే 14 మీటర్లలో ఆగుతుంది. నూరు మీద అయితే 55 మీటర్లు కావాలి. మనం తేరుకుని బ్రేకు పట్టడానికి ఒక సెకను పడుతుందనుకుంటే మొదటిదానికి మరో 14, రెండోదానికి మరో 28 కలపాలి. వెరసి 28 మీటర్లు ఒకచోట, 83 మీటర్లు మరొకచోట. విజయవాడ రహదారి మీద డివైడరు సందులోంచి గేదె అడ్డం వచ్చేది ఈ రెండు అంకెల మధ్యనే. స్ప్లెండరు మీద నూరు అందుకోవడమే గగనం కనుక ఈ లెక్క మనకు తెలిసిరాదు. నలభై హార్సుపవరు బండి నూరును చాలా కొద్ది సెకన్లలో అందుకుంటుంది. మన కళ్ళూ చేతులూ మాత్రం ఇంకా పాత లెక్కలోనే ఉంటాయి.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో 44.5 శాతం ద్విచక్రవాహనాల మీద ఉన్నవారే. వీరంతా పెద్ద బళ్ళ మీద పోయారని నేననడం లేదు. ఈ దేశంలో రెండు చక్రాల మీద తిరిగేవాడు ఏమరుపాటుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో గుర్తు చేస్తున్నానంతే.

వేరే దేశాల్లో ప్రభుత్వమే ఈ మెట్లు కట్టింది. ఐరోపా సమాఖ్యలో 2013 జనవరి నుంచి లైసెన్సులు మూడంచెలు. మొదటిది 125 సీసీ, 11 కిలోవాట్ల వరకు. రెండోది 35 కిలోవాట్ల వరకు, అంటే సుమారు 47 హార్సుపవరు. రెండో మెట్టు మీద రెండేళ్ళు గడిపితే గాని పై మెట్టుకు రానివ్వరు, లేదా 24 ఏళ్ళు నిండి ఉండాలి. జపానులో 400 సీసీ దాటితే లైసెన్సే వేరు. మన దగ్గర గేరున్న మోటారుసైకిలు అన్నది ఒకే ఒక్క తరగతి. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు నూరు సీసీ బండి మీద ఎనిమిది అంకె చుట్టి చూపించి, సాయంత్రానికి వెయ్యి సీసీ బండి ఎక్కినా చట్టం అడ్డు చెప్పదు. 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డు 650 బళ్ళ శక్తి 47 హార్సుపవరు. అక్కడ రెండో మెట్టు చిట్టచివర నిలబడే బండి ఇక్కడ ఎవరికైనా మొదటి బండే కావచ్చు.

మన ప్రభుత్వం కూడా ఒక గీత గీసింది గాని, అది వేరే పని మీద గీసిన గీత. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళ మీద జీయస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటినవాటి మీద సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 అయింది. బీమాలోనూ ఆ గీతే. 2022 జూన్ నాటి పట్టికలో ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 150 సీసీ లోపు బండికి 714 రూపాయలు, 350 దాకా 1,366, ఆపైన 2,804. ఈ గీత చూసుకుని బండి ఎంచుకోవడం జేబుకు మంచిదే, నేను కాదనను. కాని అది ఖజానా గీసిన గీత. నీ చేతికి ఎంత బండి లొంగుతుందన్నది దానికి తెలియదు. ప్రభుత్వం కట్టని మెట్టు ఎవరికి వారే కట్టుకోవాలి. నా వాదనంతా ఇంతే.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. మా మేనల్లుడు చేసినదే. "మధ్యలో ఒకటి కొని, రెండేళ్ళకు అమ్మి, మళ్ళీ పెద్దది కొంటే రెండుసార్లు నష్టం కదా మామయ్యా? ఎటూ కొనేదే, ఒకేసారి కొంటే పోలా?" మాటలో నిజం లేకపోలేదు. కొత్త బండి షోరూము గడప దాటగానే విలువ పోగొట్టుకుంటుంది. కట్టిన రోడ్డు పన్ను తిరిగి రాదు. అందుకే మధ్య మెట్టుకు కొత్త బండి వద్దంటాను. రెండు మూడేళ్ళు వాడిన 160 గాని 200 గాని చూసుకుంటే, ఆ మొదటి నష్టం అదివరకే ఎవరో భరించి ఉంటారు. అప్పు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు 35వ నమూనా పత్రం ఉందా, 29, 30 పత్రాల మీద సంతకాలయ్యాయా, బీమా నడుస్తోందా, చాసిస్ అంకె పుస్తకంలోదానితో సరిపోతోందా అని చూసుకోవాలి. రెండేళ్ళ తరువాత అమ్మితే పోయేది స్వల్పం. ఒకసారి మణికట్టులో పళ్ళెం వేయించుకున్నవాడిగా చెబుతున్నాను, ఆ స్వల్పం నిజంగా స్వల్పమే.

మరి అసలు మార్చడమెందుకు, ఉన్నదే నడుపుకోవచ్చు కదా అనేవారూ ఉంటారు. నేను ఆ పక్షం కాను. రహదారి మీద నూరు సీసీ బండి డెబ్భై దాటాక దాని శక్తంతా అయిపోతుంది. లారీని దాటడానికి వెళ్ళి మధ్యలో ఇరుక్కుంటే తప్పించుకోవడానికి చేతిలో ఏమీ మిగలదు. అది భద్రత కాదు. ఊళ్ళు తిరగాలనుకునేవారు బండి మార్చడం న్యాయమే. అయితే "ఏది కొనాలి?" అన్న ప్రశ్నకు ముందు "ఉన్న బండి నన్ను ఎక్కడ ఆపుతోంది?" అన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. రహదారి మీద చాలడం లేదా? వెనక మనిషిని కూర్చోబెట్టుకుంటే లాగడం లేదా? బ్రేకులు చాలడం లేదా? లేక సిగ్నలు దగ్గర పక్కవాడి బండి చూసి మనసు చిన్నబోతోందా? చివరిదైతే దానికి ఏ షోరూములోనూ మందు లేదు. ఎంత పెద్దది కొన్నా మరుసటి సిగ్నలు దగ్గర ఇంకా పెద్దది వచ్చి నిలబడుతుంది.

పండగ అయిన తరువాతి ఆదివారం మా చెల్లెల్ని వాళ్ళ కాలనీ వెనక ఉన్న ఖాళీ స్థలానికి రమ్మన్నాను. తన పాత బండి మీదే, యాభై వేగం నుంచి ముందు బ్రేకుతో తిన్నగా ఆపమన్నాను. మొదటి నాలుగుసార్లు చేతికి భయం పోలేదు. పదోసారికి వచ్చింది. రెండు కార్లు పట్టేంత వెడల్పులో కాలు కింద పెట్టకుండా వెనక్కి తిప్పమన్నాను. అదీ చేసింది, నాకంటె బాగా. తరువాత ఒక స్నేహితుడి 160 బండి, ఇంకొకరి 350 బండి తెప్పించి, రెండిటినీ నిలబెట్టడం, వెనక్కి నెట్టడం, స్టాండు వెయ్యడం చేయించాను. నడపడం అన్నిటికంటె చివర. 350ని వాలు మీద వెనక్కి లాగేటప్పుడు ఒకసారి ఒరిగింది. ఇద్దరం పట్టుకున్నాం. తనే నవ్వి, "ఇది ఇప్పుడు కాదులే అన్నయ్యా" అంది. నేను చెప్పవలసిన మాట ఆ బండే చెప్పింది.

ఈ టపా రాసేనాటికి తను బండి ఇంకా కొనలేదు. ఐయస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్టు, చేతికి తొడుగులు కొంది. పాత బండికి అరిగిన టైర్లు మార్పించింది. వాడిన 160 కోసం చూస్తోంది. 350 మీద మోజు పోలేదు, పోనక్కరలేదు కూడా. రెండేళ్ళ తరువాత దాని మీద హాయిగా శ్రీశైలం వెళ్ళగలదు.

ఆ రోజు మా ఆవిడ కూడా అక్కడికి వచ్చింది. గోడ పక్కన నీడలో కూర్చుని రెండు గంటలు చూసింది. పని అయ్యాక చెల్లెలు తన బండి పక్కన ఆపి, "ఒక్క చుట్టు వస్తావా వదినా?" అని అడిగింది. మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నువ్వు కొత్తది కొను. ఆర్నెల్లు ఒక్కదానివే నడుపు. అప్పుడు అడుగు" అంది.

ఆర్నెల్లు ఒంటరిగా నడిపాకే వెనక మనిషిని ఎక్కించుకోవాలన్న ఆ నియమాన్ని ఏ చట్టమూ చెప్పదు, ఏ షోరూమూ చెప్పదు. 2012లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే వినేవాణ్ణో లేదో తెలియదు. బండి మార్చబోతున్న మిత్రులెవరైనా వింటారన్న ఆశతో రాశాను.